పేరు పెట్టని అడుగు

నేనింతకు ముందెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే సరిచేసుకుని చదువుకోండి. ఇది మా కొమరవారిలంకలో కోలాటం నేర్చుకున్న పల్లాలమ్మ సంగతి. ఆవిడ మనసులో మాటలు నాకెలా తెలుసని మాత్రం అడగొద్దు.

పల్లాలమ్మకి వచ్చిన బాధేంటంటే, కోలాటం జట్టులో పన్నెండు మంది ఉంటే పదకొండు మందికి అడుగు దొరికింది. ఆవిడకొక్కదానికే దొరకలేదు.

అడుగు దొరకడమేంటి అంటారు. అది చెప్పాలంటే తాతబ్బాయి గురువుగారి దగ్గర్నుంచి మొదలెట్టాలి.

ఆయనకి డెబ్భై దాటాయి. సన్నగా, పొడుగ్గా, ఎండిన కొబ్బరి మట్టలా ఉంటాడు. నలభై ఏళ్ళు కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీశాడు. మోకాళ్ళు అరిగాక చెట్లు మానేసి, ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి కోలాటం నేర్పుతున్నాడు. ఊరికి ఇరవై ఒక్క రోజులు. మా లంకకి వచ్చినప్పుడు తుఫాను బిల్డింగులో పక్క గది ఇచ్చారు. తుఫాను వస్తే జనం దాక్కోడానికి కట్టిన బిల్డింగది. తుఫాను లేనప్పుడు ఖాళీయే. రోజుకొక ఇంటి నుంచి ఆయనకి భోజనం వెళ్ళేది.

వేరే గురువులైతే మొదటి రోజే చేతికి కోలలిస్తారు. ఈయన వారం రోజులు కోలలూ ఇవ్వలేదు, పాటా ఎత్తలేదు. పొద్దున్నే లేచి ఊళ్ళోకి వచ్చి, ఎవరో ఒకరి అరుగు మీద కూచుని, పని చేసుకుంటున్న ఆడవాళ్ళ వంక చూస్తూ ఉండేవాడు.

"ఈయన నేర్పడానికొచ్చాడా, కాపలాకొచ్చాడా?" అంది దేవకి. రేవు నుంచి చేపల గంప తెచ్చి అమ్ముతుంది దేవకి. ఎవరినైనా మొహం మీదే అనేస్తుంది.

గురువుగారు విన్నాడు. ఏమీ అనుకోలేదు.

"చెట్టెక్కితే మొహాలు కనపడవమ్మా. నడకే కనపడద్ది. పైనుంచి నడక చూసి ఎవరు వత్తన్నారో చెప్పేవాణ్ణి. ఇప్పుడెక్కలేను గదా. అందుకని అరుగు మీంచి చూత్తన్నాను."

ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగింటికి అందరినీ బిల్డింగులో గుండ్రంగా నిలబెట్టాడు. వరహాలుని మధ్యలోకి పిలిచాడు.

వరహాలు పీచు తాళ్ళ యార్డులో పని చేస్తుంది. రాట్నానికి పీచు తగిలించి, ఒడిలో ఉన్న పీచు కొంచెం కొంచెం వదులుతూ వెనక్కి నడుచుకుంటూ పోవాలి. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా వెనక్కే నడక. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. కోలాటంలో మాత్రం రోజూ తప్పుతుంది.

"పొద్దున్నేం చేశావో అదే చెయ్యి తల్లీ," అన్నాడు గురువుగారు.

"పొద్దున్న మా ఆయన్ని తిట్టానండి."

"దాని తరవాత."

అందరూ నవ్వారు. వరహాలు చేతులు నడుం దగ్గర పెట్టుకుని వెనక్కి నడిచింది. మడమ తగలదు, ముందు మునివేళ్ళు నేలని వెతుక్కుంటాయి, తరవాత పాదం ఆనుతుంది. గురువుగారు ఆ నడకకి తాళం కలిపాడు. తాళం కలిసేసరికి అది నడక కాకుండా పోయింది. చూస్తున్న వాళ్ళందరికీ కాళ్ళు లాగాయి.

"ఇది వరహాలు వెనకడుగు," అన్నాడాయన. "అందరూ వెయ్యండి."

అలా మొదలైంది. మర్నాడు దేవకి గంప నెత్తిన పెట్టుకుని మెడ కదపకుండా నడిచే నడకకి దేవకి ఊపు అని పేరొచ్చింది. డ్వాక్రా గ్రూపు లీడరు కుమారి బోరింగు కొట్టేటప్పుడు మడమలెత్తి దించుతుంది. అది కుమారి బోరింగు. ఒకామె కల్లాపు చల్లే చెయ్యి, ఇంకొకామె బట్టలు బాదే భుజం. రోజుకి ఒకరో ఇద్దరో మధ్యలోకి వెళ్ళడం, పేరు పెట్టించుకుని రావడం. రేషను కార్డులో తప్ప ఎక్కడా పేరు వినపడని వాళ్ళు మొహాలు వెలిగించుకుని ఇళ్ళకి వెళ్ళేవారు.

అదీ కాక, ఆదివారం మండలంలో అన్ని లంకల జట్లూ కలుస్తున్నాయి. అక్కడ కుమారి మైకులో ఒక్కో అడుగూ పేరు పెట్టి చెప్పాలని గురువుగారి మాట. ఇదిగో వరహాలు వెనకడుగు, ఇదిగో దేవకి ఊపు అని.

మరి పల్లాలమ్మ చేసే పనేంటంటే, ఫలానా అని చెప్పడానికి లేదు. పదకొండు మందున్న ఇంట్లో మూడో కోడలు. ఒకళ్ళకి నీళ్ళు తోడాలి, ఒకళ్ళకి కంచం పెట్టాలి, ఒకళ్ళ పిల్లకి జడెయ్యాలి. ఒక పని చేతిలో ఉండగానే ఇంకోళ్ళు కేకేస్తారు. గ్యాసు బండ తెచ్చే అబ్బాయికి ఆవిడ మూడో కోడలుగారు. బళ్ళో దుర్గ వాళ్ళమ్మ. పల్లాలమ్మా అని పిలవగా విని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

గురువుగారు వాళ్ళింటికి మూడు సార్లొచ్చాడు. మొదటిసారి పల్లాలమ్మ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. రెండోసారి అత్తగారు ఎదురుగా కూచుని తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. మీ మూడో కోడలు ఏ పని చేస్తదమ్మా అని ఆయనడిగితే, "దానికి పనేముంటదండి, ఇంట్లోనే గదా ఉంటది," అంది. మూడోసారి ఇంటినిండా చుట్టాలు. ఇరుకు నడవలో వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, వాళ్ళ మధ్య నుంచి పల్లాలమ్మ గ్లాసులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆయన టీ చల్లారిపోయేదాకా కూచుని, చల్లారిన టీ తాగి వెళ్ళిపోయాడు.

పదిహేనో రోజుకి పదకొండు అడుగులూ అయిపోయాయి.

పల్లాలమ్మ నోరు విప్పి అడగలేదు. వరసకి మరదలయ్యే వరహాలు చెవిలో మాత్రం వేసింది. వరహాలు చెవిలో పడింది నోట్లోంచి రావడానికి ఎంతోసేపు పట్టదు.

"ఏవండీ గురువుగారూ, మా వదిన అడుగేదండి?"

గురువుగారు పల్లాలమ్మ వంక చూశాడు. ఆవిడ నేల వంక చూసింది.

"వత్తదమ్మా," అన్నాడాయన.

ఎప్పుడొస్తుందో చెప్పలేదు. పల్లాలమ్మ ఒక లెక్క వేసుకుంది. అందరి అడుగులూ అందరికంటే బాగా వేస్తే ఆయనే మెచ్చుకుని ఒకటి ఇస్తాడు. ఇంక చూడండి. పొయ్యి దగ్గర కూరకి పోపు వేస్తూ కుమారి బోరింగు. పెరట్లో బట్టలారేస్తూ దేవకి ఊపు. ఐదు రోజుల్లో పన్నెండు మందిలోకీ తప్పనిది ఆవిడొక్కతే అయింది. తప్పిన వాళ్ళకి మెల్లిగా వెనక నుంచి చెప్పడం మొదలెట్టింది. ముందు వినయంగానే చెప్పేది. తరవాత్తరవాత ఆ వినయం కొంచెం తగ్గింది.

"వరహాలూ, నీ అడుగే నువ్వు తప్పుతున్నావు."

"నా అడుగు నేను ఎలాగేసినా నాదేలే వదినా."

గురువుగారు ఒకసారి అన్నాడు కూడా. "పల్లాలమ్మా, వరహాలు అడుగు వరహాలు కంటే బాగా వేత్తన్నావు."

పల్లాలమ్మ ఆ రోజంతా ఆ మాటే తల్చుకుంది. ఆయన నవ్వుతూ అన్లేదన్న సంగతి తరవాత గుర్తొచ్చింది.

ఇరవయ్యో రోజు వచ్చింది. ఆ రోజు జడ కోలాటం.

చూడని వాళ్ళ కోసం చెప్తాను. పైకప్పు కొక్కేనికి ఇనప రింగు కడతారు. రింగు నుంచి పన్నెండు రంగు తాళ్ళు వేలాడతాయి. తలా ఒకటి పట్టుకోవాలి. ఆరుగురు ఇటు నుంచి, ఆరుగురు అటు నుంచి నడవాలి. ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపలి నుంచి దాటాలి, తరవాతి మనిషిని బయటి నుంచి. అలా లోపలికీ బయటికీ తిరుగుతుంటే పైన జడ పడుతుంది. చెయ్యంత లావు జడ. పూర్తిగా అల్లాక, అవే అడుగులు వెనక్కి వేసుకుంటూ పోతే ఆ జడ అలాగే విడిపోతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో చెప్పలేను.

గురువుగారికి ఒక నియమం ఉంది. అల్లిన జడని చేత్తో ముట్టుకోకూడదు. కాళ్ళతో అల్లింది కాళ్ళతోనే విప్పాలి. విప్పేదాకా ఎవరూ తాడు వదలకూడదు.

అల్లడం మొదలెట్టారు. మొదటి చుట్టు బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. మూడో చుట్టులో పల్లాలమ్మకి వరహాలు ఎదురొచ్చింది. వరహాలు మెల్లిగా రాదు. సందులో ఇసక ట్రాక్టరు వచ్చినట్టు వస్తుంది.

పల్లాలమ్మ లోపలి నుంచి వెళ్ళాలి. వెళ్ళలేదు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా లాక్కుంది. ఓరగా తిరిగి, మడమ మీద రవ్వంతసేపు ఆగి, వరహాలుకి దారిచ్చి, బయటి నుంచి వెళ్ళింది. అంతా ఒక్క తాళంలో అయిపోయింది. ఎవరూ చూడలేదు. వరహాలు కూడా చూడలేదు.

పల్లాలమ్మకి మాత్రం తెలిసింది. ఆగండి, తప్పాను అంటే ఆ క్షణంలోనే సరిపోయేది. ఐదు రోజులుగా అందరికీ చెప్పిన మనిషి ఎలా అంటుంది. ఏమీ కాదులే అనుకుంది. జడ పూర్తయింది. కింద నుంచి చూస్తే నున్నగా, అందంగానే కనపడింది.

"ఇప్పుడు వరహాలు వెనకడుగుతో విప్పండి," అన్నాడు గురువుగారు.

మూడు చుట్లు బాగానే విడింది. నాలుగో చుట్టులో తాళ్ళు బిగుసుకుపోయాయి. లాగితే ఇంకా బిగుసుకున్నాయి.

"వరహాలూ," అన్నారు పదిమందీ ఒకేసారి.

"నేనేం చేశాను?"

"ఎప్పుడూ చేసేదే," అంది దేవకి. "ఎక్కడో తప్పుంటావు."

"తప్పేసుంటాను," అంది వరహాలు తేలిగ్గా. "తప్పని రోజేదిలే నాకు."

గురువుగారు గోడకి ఆనుకుని కూచున్నాడు. "జడ తప్పుగా పడితే, ఆ తప్పు మళ్ళీ వేత్తేగానీ విడదు," అన్నాడు. "ఎక్కడ తప్పారో అక్కడే, ఎలా తప్పారో అలాగే వెయ్యాల."

"ఎక్కడ తప్పానో నాకు తెలిత్తే తప్పనే తప్పను గదండి," అంది వరహాలు. కాసేపు పైకి చూసి, "దేవకి దగ్గరనుకుంటా," అని దేవకిని కావాలని తప్పు వైపు నుంచి దాటింది.

పైన ఇంకో ముడి పడింది.

"తప్పు కూడా సరిగ్గా చెయ్యలేవా నువ్వు," అంది దేవకి.

ఆ రెండో ముడి చటుక్కున విప్పేసింది వరహాలు. అది ఎక్కడ వేసిందో ఆవిడకి తెలుసు గదా. మొదటి ముడి అలాగే ఉంది.

ఐదున్నరయింది. ఎవరికైనా ఇంటికి వెళ్ళాలనే ఉంటుంది. తాడు వదలకూడదు. కుమారి ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోనులో పాలవాడికి గిన్నె ఎక్కడుందో చెప్తోంది. దేవకి మొగుడు కిటికీ దగ్గరకొచ్చి తాళంచెవి అడిగాడు. దేవకి బొడ్లో ఉంది తాళంచెవి. ఆట మధ్యలో ఆయన లోపలికి రాకూడదు, తాడు వదిలి ఈవిడ బయటికి పోకూడదు. చివరికి గిరాటేస్తే కిటికీ ఊచకి తగిలి మళ్ళీ లోపలే పడింది.

"కత్తెరతో కత్తిరిత్తే పోద్ది గదండి," అన్నాడు దేవకి మొగుడు.

"పోద్ది," అన్నాడు గురువుగారు. కత్తెర కోసం ఎవరినీ పంపలేదు.

పల్లాలమ్మ తన తాడు పట్టుకుని నిలబడింది. ఎక్కడ తప్పిందో ఆవిడకి తెలుసు. ఆ చోటు ఇప్పుడు సరిగ్గా కాళ్ళ ముందే ఉంది. ఒక్క అడుగు అలాగే ఓరగా వేస్తే విడిపోతుంది. కానీ ఇప్పుడు అందరి కళ్ళూ అందరి కాళ్ళ మీదే ఉన్నాయి. వరహాలు అప్పటికి ఎన్ని తిట్లు తిన్నదో. తిన్న ప్రతిసారీ నవ్వుతోంది. ఆ నవ్వు చూడలేక పల్లాలమ్మ తల పైకెత్తి జడ వంక చూసింది. అందరూ ఆవిడేదో లెక్క కడుతోందనుకున్నారు.

"ఉండండే, వదిన చెప్తది," అంది వరహాలు. "వదినకి తెలుత్తది."

పల్లాలమ్మకి ఆ మాట కొట్టినట్టయింది.

అప్పుడు గురువుగారు లేచాడు. తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"అందరూ కళ్ళు మూసుకోండమ్మా. వెనక్కి నడిచేదానికి కళ్ళతో పనేముంది. నేను ఒక్క తాళం వేత్తాను. ఒక్క అడుగే వెయ్యండి. కాలు ఎటు పోతానంటే అటు పోనివ్వండి."

అని ఆయన కూడా గోడ వైపు తిరిగిపోయాడు.

పల్లాలమ్మ కళ్ళు మూసుకుంది. తాళం మోగింది. ఆవిడ ఏమీ ఆలోచించలేదు. మోచెయ్యి దానంతటదే ఒంటికి చేరింది. నడుం ఓరగా తిరిగింది. వీపుకి వీపు తగులుతుందేమో అన్నంత దగ్గరగా వరహాలు వెళ్ళిపోయింది, పీచు వాసన, కొబ్బరినూనె వాసన. చేతిలో తాడు మెత్తబడింది.

"వచ్చేసింది," అని ఎవరో అన్నారు. కళ్ళు తెరిచేసరికి పన్నెండు తాళ్ళూ వదులుగా ఊగుతున్నాయి. మిగిలిన రెండు చుట్లు గబగబా విప్పేశారు.

"చివరికి తప్పు సరిగ్గా చేశావే వరహాలూ," అంది దేవకి.

"ఏం చేశానో నాకే తెలీదు. కాలు ఎటు పడిందో ఏమో," అంది వరహాలు చెమట తుడుచుకుంటూ.

అందరూ చెప్పులేసుకోబోతున్నారు. గురువుగారు ఒక్క నిమిషం అన్నాడు. తాళాలు కింద పెట్టి, మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

ఇరవై రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా అడుగు వేసి చూపించలేదు. మోకాళ్ళు బాగాలేవని ఎప్పుడూ కూచునే చెప్పేవాడు. ఇప్పుడు వేశాడు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా లాక్కున్నాడు. ఓరగా తిరిగాడు. మడమ మీద రవ్వంతసేపు ఆగాడు. ఎదురుగా ఎవరూ లేరు, అయినా ఎవరికో దారిచ్చాడు. ఇచ్చి, చుట్టు తిరిగి, తన దారిన తను ముందుకెళ్ళాడు.

వేసుకోబోయిన చెప్పులు అలాగే వదిలేసి అందరూ దగ్గరకొచ్చారు. ఆ ఎండిన ముసలాయన ఒంట్లో అంత మెత్తదనం ఎక్కడ్నుంచి వచ్చిందో.

"ఎంత బాగుందండీ," అంది కుమారి. "ఎవరో ఎదురొత్తే పక్కకి ఒదిగినట్టుంది."

"ఇది ఇందాక మీ జడలో పడ్డ అడుగు," అన్నాడు గురువుగారు. "నేను పెట్టింది కాదు. మీలో ఒకళ్ళది. ఎవరిదో చెప్తే పేరు పెడతాను. రేపు అందరూ ఇదే వెయ్యాల."

"ఇంకెవరిదండి, వరహాలుదే," అన్నారు.

"వరహాలుకి ఒకటుంది గదమ్మా."

"నాది కాదులెండి," అంది వరహాలు. "అంత ఓపిగ్గా నేనెప్పుడు ఒదిగానండి. నాకు దారివ్వడం రాదు."

"నీదేలే, నీకు తెలీకుండా వేసుంటావు. నువ్వు కాక ఎవరు తప్పుతారు," అంది దేవకి.

పల్లాలమ్మ తాడు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. ఐదు రోజులుగా ఏది కావాలని పొయ్యి దగ్గరా పెరట్లోనూ గంతులేసిందో అది ఎదురుగా ఉంది. నాదండి అంటే చాలు. అంటే, గంటసేపు వరహాలు తిన్న తిట్లన్నీ తనవే అని కూడా అన్నట్టే. వేలి చుట్టూ తాడు ఇంకా బిగించుకుంది.

గురువుగారు ఆవిడ వంక చూడలేదు. తాళాలకి అంటిన దుమ్ము కండువాతో తుడుచుకుంటున్నాడు.

"సరే," అన్నాడు. "పేరు రేపు పెడదాం."

అందరూ వెళ్ళిపోయారు. పల్లాలమ్మ తాళ్ళన్నీ చుట్ట చుట్టి, రింగు దగ్గర కట్టి, చివర్న బయల్దేరింది. గుమ్మం దగ్గరకి వచ్చేసరికి గురువుగారు కూడా బయటికి వెళ్ళడానికి వచ్చాడు. బిల్డింగు పెద్దదే గానీ గుమ్మం చిన్నది. పల్లాలమ్మ పక్కకి ఒదిగింది.

"మీరెళ్ళండి గురువుగారూ."

ఆయన వెళ్ళలేదు. ఆవిడ ఒదిగి నిలబడ్డ తీరు కాలి దగ్గర్నుంచి భుజం దాకా చూశాడు. తప్పిపోయిన దూడ ఎవరింట్లోనో దొరికితే చూసినట్టు చూశాడు.

"ఇరవై రోజుల్నుంచీ దీని కోసమే తిరుగుతున్నానమ్మా," అని, గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో ఇంకా ఎవరూ కేకెయ్యక ముందే పల్లాలమ్మ పీచు యార్డుకి వెళ్ళింది.

అప్పటికే పని మొదలైంది. మోటారు రాట్నాలు గరగరమంటున్నాయి. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒడిలో పీచు పోసుకుని వెనక్కి నడుస్తున్నారు. వరహాలు మూడో వరసలో ఉంది. వదినని చూసి కళ్ళెగరేసింది గానీ ఆగలేదు. మధ్యలో ఆగితే తాడు పురి ఎక్కువై మెలికపడిపోతుంది. అందుకని పల్లాలమ్మే వెళ్ళింది. వరహాలు వెనక్కీ, ఆవిడ ముందుకీ, ఇద్దరి మధ్యా తాడు, ఎదురెదురుగా నడుస్తున్నారు.

"నిన్నటి ముడి నీది కాదు వరహాలూ," అంది పల్లాలమ్మ. "నాది."

"ఆఁ?" అంది వరహాలు. రాట్నం మోతలో ఏమీ వినపడలేదు.

"ముడి. నేను తప్పాను. నువ్వు కాదు."

"ఎవరు తగ్గారు?"

ఇంక యార్డు చివరి దాకా వచ్చేశారు. గోడ దగ్గర పడింది. పక్క వరసలో ఆవిడకి ఇదేదో వినాల్సిన సంగతే అనిపించి, చెయ్యి చాపి గోడకున్న మోటారు స్విచ్చి ఆపేసింది. పల్లాలమ్మకి అది తెలీదు. ఊపిరంతా తీసుకుని, పుట్టి బుద్ధెరిగాక అంత గొంతుతో ఎప్పుడూ అనలేదేమో, అలా అంది.

"ఆ అడుగు నాది."

యార్డంతా వినపడింది. ఎనిమిది మందీ ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయారు. వరహాలు తాడు పట్టుకునే రెండడుగులు ముందుకి వచ్చింది.

"అయితే నిన్నంతా నీ తిట్లు నేను తిన్నానా వదినా?"

"తిన్నావు."

"అవి వడ్డీతో ఇచ్చేత్తాను, సాయంత్రం రా. దేవకిని కూడా పిలుత్తాను." అని నవ్వింది వరహాలు. "ముందు ఆ అడుగు ఎలాగెయ్యాలో చూపించు. ముసలాయన వేత్తుంటే నాకు సరిగ్గా అందలేదు."

పల్లాలమ్మ చుట్టూ చూసింది. అందరూ చూస్తున్నారు. చెంగు బొడ్లో దోపుకుంది. మోచెయ్యి ఒంటికి దగ్గరగా లాక్కుని, ఓరగా తిరిగి, మడమ మీద ఆగి, అడుగు వేసింది.

చివర నిలబడ్డావిడ సరిగ్గా కనపళ్ళేదంది. పల్లాలమ్మ మళ్ళీ మొదటి నుంచి వేసింది.